వెండి పిడి అతుకు

మా నాన్న కత్తులకు వెండి పిడులు చేసేవాడు. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చినప్పటి నుంచీ మాది వెండిపనే. కానీ ఈ పిడుల పని నాన్న ఒక్కడే పట్టుకున్నాడు. తెల్లదొరలు వదిలేసిపోయిన బల్లకత్తులు, అంటే భోజనాల బల్ల మీద వాడేవి, ఇక్కడ కొన్ని ఇళ్లలో ఇంకా ఉన్నాయి. వాటి పిడులు గట్టి వెండి కాదు. రెండు పల్చటి రేకులు అతికించి లోపల లక్క పోస్తారు. ఇంగ్లండులో జార్జి రాజుల కాలం నాటి పద్ధతట. వేడినీళ్లలో కడిగితే లక్క మెత్తబడి పిడి ఊడొస్తుంది. అలా ఊడినవన్నీ డాలీగంజ్‌లో మా ఇంటికే వచ్చేవి.

ఒక మధ్యాహ్నం నేను పక్కనుండగా ఆయన బొటనవేలి మీద మరిగే లక్క పడింది. ఆయన పని ఆపలేదు.

"నాన్నా, వేలు కాలుతోంది!"

"అరె" అన్నాడు, ఎవరి వేలో చూస్తున్నట్టు.

షుగర్ వల్ల వేళ్లకు స్పర్శ పోయిందన్నాడు డాక్టరు. నిప్పు దగ్గరికి పోవద్దన్నాడు. అమ్మ కుంపటి తీసి అటక మీద పెట్టేసింది.

కొన్నాళ్లు ఊరుకున్నాడు. ఇంతలో మా తెలుగు చర్చికి వచ్చే ఒకావిడ బ్రూక్షాబాద్ నుంచి వచ్చింది.

"భయ్యా, పిల్ల పెళ్లిలో కేక్ మా నాన్న కత్తితోనే కొయ్యాలి. పిడి పగిలిపోయింది. మీరు తప్ప ఎవరు చేస్తారు?"

"చేస్తాను దీదీ" అనేశాడు.  అమ్మ ఆ పూట అన్నం తినలేదు.

కుంపటి అటక మీంచి దించి, ఆయన చెబుతుంటే టంకం పెట్టి రేకులు నేనే అతికించాను. అతుకు నున్నగా రుద్దడం తనే చేస్తానన్నాడు. కంటికి ఆనని ఎత్తు వేలికి తెలుస్తుంది. ఆయన వేలికి ఇప్పుడు తెలియదు.

"నీ వేలు పెట్టి చూడు. ఎత్తుందా?"

"కొంచెం ఉంది నాన్నా."

ఆకురాయితో రుద్దాడు. "ఇప్పుడు?"

"ఇంకా ఉంది."

నేను చెబుతూనే ఉన్నాను, ఆయన రుద్దుతూనే ఉన్నాడు. ఎంత నొక్కుతున్నాడో ఆయనకే తెలియలేదు. చివరికి రేకు అరిగి చీలిపోయింది.

నాకు ఏడుపొచ్చింది.

"నువ్వు ఉన్నదే చెప్పావు కదమ్మా" అన్నాడు.

తనే వెళ్లి కత్తి తిరిగిచ్చాడు. "నాకు చేతకావడం లేదు దీదీ" అన్నాడట. పెళ్లిలో స్టీలు కత్తితో కేక్ కోశారు. మేం ముందు వరసలోనే కూర్చున్నాం. నాన్న ఆ కత్తి వైపు చూడలేదు.

ఇప్పుడు లంబాలైన్‌లో బంధువుల ఫర్నిచర్ షాపులో కూర్చుంటున్నాడు. ఆ పని నాకు పూర్తిగా నేర్పమని అడిగాను. వద్దన్నాడు. ఎందుకని అడిగితే, వానొచ్చేలా ఉంది, బట్టలు తియ్యమన్నాడు.