మా తోటికోడలి అనిమోన్

మా ఆయనకి ఉప్పలగుప్తం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. నీళ్ళలో ఉప్పెంతుంది, గాలి సరిగ్గా ఆడుతోందా అనే మాటలు మా ఇంట్లో అన్నంతో పాటు వినపడేవే. అందుకే అమలాపురంలో మా ముందుగదిలో ఉప్పునీళ్ళ అక్వేరియం పెట్టుకున్నప్పుడు, ఈ విద్య నాకు ఎవరూ నేర్పక్కర్లేదనుకున్నాను. రాళ్ళు పేర్చి, నీలం లైటు పెట్టి, నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండే క్లౌన్ చేపనొకదాన్ని వదిలాను. ఇంటికొచ్చిన వాళ్ళంతా ముందు తొట్టె దగ్గరికే నడిచేవారు. నాకు కావలసిందీ అదే.

అంతలో మా మరిది మస్కట్‌లో ఉద్యోగం మానేసి, కుటుంబంతో వచ్చి మా వీధిలోనే దిగాడు. మా తోటికోడలు నా తొట్టెను కళ్ళప్పగించి చూసి వెళ్ళింది. కొన్నాళ్ళకే తనింట్లోనూ ఒకటి పెట్టింది. నాదానికంటే పెద్దది.

"మిమ్మల్ని చూసే పెట్టేనక్కా," అంది సంతోషంగా.

అది మెచ్చుకోలే. నాకు మాత్రం గొంతులో చేపముల్లు దిగినట్టయింది.

క్లౌన్ చేపకి అసలైన ఇల్లు అనిమోన్. చూడ్డానికి విప్పారిన పువ్వులా ఉంటుంది గానీ అది ప్రాణి. రాతికి పాదం అంటించుకుని, వేళ్ళలాంటి తీగలు ఆడిస్తూ ఉంటుంది. మిగతా చేపల్ని కుట్టే ఆ తీగల మధ్యే క్లౌన్ చేప హాయిగా పడుకుంటుంది. అది కొందామని నేనూ తోటికోడలూ కలిసి కాకినాడ వెళ్ళాం.

దుకాణంలో ఒకటి పాలలా తెల్లగా, కొసల్లో వంకాయ రంగుతో మెరిసిపోతోంది. దాని పక్కన మట్టి రంగులో ఒకటి ముడుచుకుని ఉంది.

"తెల్లది బావుందా?" అన్నాను.

"ఆయ్, అదేనండి అందరూ అడుగుతారు," అన్నాడు దుకాణదారు.

ఆమె అడిగి తీసుకుంటుందేమోనన్న భయంతో గబుక్కున నాదని చెప్పేశాను. ఆమె మాత్రం మట్టిరంగుదాని ముందు వంగి, దాని నోరు మూసుకుని ఉందో లేదో చూసింది. పాదం ఎక్కడైనా చిరిగిందేమోనని చూసింది. దుకాణదారుని చిన్న రొయ్యముక్క దానికి అందించి చూపించమంది. తీగలు ముక్కని గట్టిగా పట్టుకున్నాయి.

"ఇది చాలండి నాకు," అంది. నేను లోలోపల నవ్వుకున్నాను.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. అనిమోన్ ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుందిట, దానికి తిండి పెట్టేది అదే. ఆ నాచు పోతే అనిమోన్ తెల్లబడుతుంది. నేను ఏరి కోరి తెచ్చుకున్న తెలుపు రోగమన్నమాట. ఈ సంగతి మా ఆయనే ఫోనులో చదివి వినిపించారు.

"మన చెరువులో రొయ్య తెల్లబడితే కంగారు పడతావు కదా, ఇక్కడెందుకు పడలేదే?" అన్నారు.

ఆవిడ కంటే ముందు చెయ్యి వెయ్యాలన్న ఆత్రమే తప్ప, నా కళ్ళకి ఇంకేమీ కనపడలేదు.

అక్కడ ఆమె మట్టిరంగుది విప్పారి పళ్ళెమంత అయింది. ఆమె చేప అందులో దూరి, తల మాత్రం బయటికి పెట్టి చూసేది. ఇరుగుపొరుగు వాళ్ళు ఇప్పుడు అటు వెళ్ళడం మొదలుపెట్టారు. నా చేప మాత్రం నీళ్ళు వెచ్చబెట్టే హీటరు పక్కనే నిద్రపోయేది. "మీది ఎలా ఉందక్కా?" అని ఆమె అడిగితే, "బ్రహ్మాండంగా ఉంది," అనేదాన్ని. ఇంటికొచ్చి రొయ్యని గోరంత ముక్కలు చేసి, పటకారుతో అనిమోన్ నోటి దగ్గర పెట్టి, తింటుందా లేదా అని కాపలా కూర్చునేదాన్ని. నెలలు గడిచాక దాని ఒంటికి లేత గోధుమరంగు దిగింది. నా చేప దానివంక చూడనైనా లేదు.

ఒక మధ్యాహ్నం ఆమె ఫోను చేసింది. "అక్కా, ఒక్కసారి రండి. అనిమోన్ పంపులో పడిపోయిందండి."

అనిమోన్ తనకి నచ్చిన చోటు కోసం రాయి వదిలి తిరుగుతుంది. ఆమెది నీళ్ళు తిప్పే పంపు దాకా వెళ్ళి అందులో నలిగిపోయింది. "అయ్యో, పోయిందా?" అన్నాను. నా గొంతెంత తేలిగ్గా ఉందో నాకే వినపడింది. వెళ్ళి చూస్తే తొట్టె నిండా చిరిగిన ముక్కలు, బురదనీళ్ళు, ఆమె కళ్ళ నిండా నీళ్ళు. ముందు చేపని బతికించాలని బకెట్లో పట్టి మా ఇంటికి తెచ్చాం.

వదిలిన కాసేపటికే అది నా అనిమోన్‌లోకి దూరింది. నా చేప ఇన్నాళ్ళూ పట్టించుకోని ఆ తీగల్లో, పుట్టింటికొచ్చినట్టు పొర్లాడింది. పైగా నా చేప దగ్గరికొస్తే తరిమికొట్టేది. నా ఇంట్లో, నేను సాకి నిలబెట్టిన దాని మీద ఆవిడ చేప పెత్తనం! తన తొట్టె కడిగి, అందులో నీళ్ళు కుదిరేదాకా ఆమె రోజూ వచ్చి నిలబడేది. తిండి పెట్టేది నేనైనా, ఆమె అద్దం ముందుకి రాగానే అది ఒళ్ళంతా ఊపుకుంటూ ఎదురొచ్చేది.

"నన్ను మర్చిపోలేదక్కా!" అనేది.

"మర్చిపోతే బావుణ్ణు," అనుకునేదాన్ని.

చివరికి నా అనిమోన్ బలం పుంజుకుని, దానంతట అదే రెండుగా చీలింది. ఒకటి రాతి మీద ఉండగానే రెండోది అద్దానికి పాకింది. మా ఆయన నావంక చూశారు. నేనే తోటికోడల్ని పిలిచాను.

"ఇదిగో, నీ చేపనీ దాని ఇంటినీ తీసుకెళ్ళు. ఈసారి పంపుకి జాలీ కట్టుకో."

ఆమె నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. ఆ చేప వెళ్ళిన వారానికి నా చేప తీగల్లోకి మెల్లగా తల దూర్చింది. ఆ రోజు వంట ఆలస్యమైంది.

మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. నేనిచ్చిన ముక్క ఆమె తొట్టెలో నాదాని కంటే పెద్దదై, కొసలు మెరుస్తూ ఊగుతోంది.

"మీ చలవేనక్కా," అంది కాఫీ ఇస్తూ.

"లైటు ఏం వాడుతున్నావు?" అన్నాను. కాఫీ చాలా బావుంది. అదీ నచ్చలేదు.