కొడుకును బయటికి పంపిన డాక్టరమ్మ

మా అమ్మది అంచెట్టి పక్క కొండపల్లె. అరవం సంతలో బేరమాడేంత వచ్చు, డాక్టరు ముందర మాత్రం నోరు పెగలదు. అందుకే హోసూరు ఆస్పత్రికి ఎప్పుడు పోయినా ఫ్యాక్టరీకి లీవు పెట్టి నేనే పిల్చుకొని పోయేది. డాక్టరు అడిగింది తెలుగులో అమ్మకు చెప్పి, అమ్మ చెప్పింది మళ్ళా అరవంలో చెప్పేది నా పని. తల్లిని నాకన్నా బాగా చూసుకునేవాడు యాడుంటాడని లోపల గర్వం కూడా ఉండేది.

పోయినేడు అమ్మ బాగా నీరసించిపోయింది. రెండడుగులేస్తే ఆయాసం. అడిగితే "మోకాళ్ళ నొప్పులురా, వయసు గదా" అని నవ్వేసేది.

ఈసారి ఆస్పత్రిలో చూసిన డాక్టరమ్మ మదురై పక్క మనిషి, తెలుగు రాదు, చిన్న వయసు. అమ్మ కంటిరెప్ప కిందికి లాగి చూసింది. తెల్లగా పాలిపోయుండాది. ముట్లు ఆగిపోయినాక మళ్ళా రక్తం పోతావుందేమో, ఎన్నాళ్ళుగానో, కడుపులో నొప్పి ఉందేమో అడగమని నాకు చెప్పింది. కన్నతల్లిని కొడుకు అడిగే మాటనా అది? మా ఇండ్లలో ఆడోళ్ళు ఆ మాట మగోళ్ళ చెవిన పడనీరు.

"ఇంకేమన్నా ఉందామ్మా?" అన్నాను.

"ఏమీ లేదు నాయనా" అనింది అమ్మ.

"ఏమీ లేదంట మేడం."

ఆయమ్మ పెన్ను కింద పెట్టి నన్ను చూసింది. "నేను అంత పొడుగ్గా అడిగితే మీరు ఇంత పొట్టిగా అడిగినారే! కొంచెంసేపు బయట ఉండండి."

నాకు ఒళ్ళు మండింది. కన్నకొడుకును బయటికి పొమ్మనేదానికి ఈయమ్మ ఎవరు? వాకిట్లో గొణుక్కుంటా నిలబడినాను. ఆయమ్మ వరండాలోకి వచ్చి, తెలుగొచ్చిన ఆడోళ్ళు ఎవరన్నా ఉండారా అని గట్టిగా అడిగింది. బీపీ మాత్రలకని సామల్పట్టి నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ "నేనొస్తానమ్మా" అని లేచి లోపలికి పోయింది. తలుపు మూసుకున్నారు.

చానాసేపటికి పిలిచినారు. అమ్మ కొంగుతో కండ్లు తుడుచుకుంటా ఉండాది. పెద్దమ్మ అమ్మ చెయ్యి పట్టుకోనుండాది.

"గర్భసంచిలో గడ్డ ఉన్నట్టుంది. స్కాన్ తీయాల, ఆపరేషన్ చేయాల్సి రావొచ్చు. ఇంతమటుకు మీకు చెప్పేదానికి మీ అమ్మ ఒప్పుకున్నారు" అనింది డాక్టరమ్మ. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. భలే మనిషి! చదువు చానామందికి ఉంటుంది, ముసలామె సిగ్గుకు కూడా మర్యాద ఇచ్చే మనసు ఎంతమందికి ఉంటుందప్పా?

ఆపరేషన్ అయింది, గండం గడిచింది. ఇంటికి వచ్చినాక ఒకరోజు అంబలి తాగిస్తా అడిగినాను, "ఇన్నాళ్ళు నాకెందుకు చెప్పలేదమ్మా?" అని.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందిరా."

"చచ్చిపోయింటే?"

"పోయింటే పోయింటాను. కొడుకు చెవిలో వేసే మాటనా అది?"

ఆ పొద్దు ఆయమ్మ నన్ను బయటికి తరమకపోయింటే, మా అమ్మ నా పక్కనే కూర్చొని, మోకాళ్ళ నొప్పులని నవ్వుకుంటానే పోయిండేది.