రోజూ చూసీ గుర్తుపట్టలేదు

మా జువాలజీ ల్యాబ్ అక్క పోయిన సోమవారం నిద్రలోంచి లేవలేదు. గుండె ఆగిపోయిందని కూతురు ఫోన్ చేసి చెప్పింది. తార్నాకలో వాళ్లింటికి వెళ్లి వచ్చినప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. ఆమె జబ్బును అందరికంటే ముందు పసిగట్టాల్సింది నేను.

ఎమ్మెస్సీలో చేరిన తొలి వారం బొద్దింక లాలాజల గ్రంథులు తీయబోయి రెండుసార్లు తెంపేశాను. ల్యాబ్ అటెండరైన ఆమె పక్కన నిలబడి, "గుంజకు బిడ్డా. నీళ్లు పోసి జర ఆగు, సక్కగ చూడు. అదే తేలుతది" అంది. తేలింది. అప్పట్లో ఆమె వేళ్లు సన్నగా ఉండేవి. తర్వాత నేను అక్కడే పరిశోధన చేసి, అక్కడే పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. నలుగురిలో నన్ను "మేడం" అనేది. ఎవరూ లేకపోతే మళ్లీ "బిడ్డా". మధ్యాహ్నం తను తెచ్చుకున్న జొన్నరొట్టెలో సగం నా టేబుల్ మీద పెట్టి వెళ్లేది.

మార్పులు ఒక్కరోజులో రాలేదు. గ్లవ్స్ పట్టడం లేదంటే పెద్ద సైజు తెప్పించాను. మెట్టెలు బిగుసుకుపోతే విద్యానగర్‌లో కంసాలి దగ్గర కోయించుకుంది. మగవాళ్ల చెప్పులు కొనుక్కుంది. గొంతు బొంగురుపోయింది. ఫోన్లో అవతలివాళ్లు "సార్" అంటున్నారని తనే చెప్పి నవ్వేది. డిసెంబర్‌లో కూడా చెమటలు, తలనొప్పి. "ఈ వయసులో ఆడవాళ్లందరికీ ఉండేదే అక్కా" అన్నాను. పెద్ద డాక్టర్‌లా అన్నాను.

ఏటా బోర్డు మీద పిట్యూటరీ గ్రంథి బొమ్మ వేసేదాన్ని. బఠాణీ గింజంత ఆ గ్రంథిలో చిన్న గడ్డ లేస్తే, పెద్దవాళ్లు ఎత్తు పెరగరు గానీ చేతులు, పాదాలు, దవడ పెరుగుతాయని, దాన్ని ఆక్రోమెగలీ అంటారని చెప్పేదాన్ని. ఆ పాఠం చార్టు గోడకు తగిలించి వెళ్లేది ఆమే.

చివరికి నా కళ్లు తెరిపించింది ఒక పాత స్టూడెంట్. తొమ్మిదేళ్ల తర్వాత ఏదో సర్టిఫికెట్ కోసం వచ్చి, "మేడం, ల్యాబ్ అక్క రిటైర్ అయ్యిందా?" అని అడిగింది. అక్క ఎదురుగానే స్టూలు మీద కూర్చుని ఉంది.

"నేనే బిడ్డా" అంది.

ఆ సాయంత్రం ఇంట్లో పాత గ్రూప్ ఫొటో వెతికి తీశాను. అందులో అక్క నుదురు, ముక్కు, దవడ అన్నీ వేరు. మర్నాడే ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాను.

రక్తపరీక్ష, స్కానింగ్ అయ్యాక ముక్కులోంచి ఆపరేషన్ చేశారు. గడ్డ పక్కనున్న రక్తనాళాన్ని చుట్టుకోవడంతో కొంత మిగిలిపోయింది. "గడ్డ చిన్నగా ఉన్నప్పుడు వచ్చుంటే మొత్తం తీసేసేవాళ్లమేమో" అన్నాడు డాక్టర్. నెలనెలా ఇంజక్షన్ రాశాడు. ఆ గడ్డ వల్ల ఎక్కువైన పెరుగుదల హార్మోన్ దిగింది. చెమటలు తగ్గాయి, దాంతోపాటు పెరిగిన షుగర్ అదుపులోకి వచ్చింది. పెరిగిన ఎముకలు మాత్రం తగ్గేవి కావు. అన్నేళ్లలో మందమెక్కిన గుండె కూడా పూర్తిగా కోలుకోలేదు. నిద్రలో ఊపిరి ఆగకుండా ముఖానికి మిషను పెట్టుకుని పడుకునేది.

ఒకసారి ఇంజక్షన్ కోసం బెంచీ మీద ఎదురుచూస్తూ అడిగింది: "గిది నువ్వు చెప్పే పాఠమేనట కదా బిడ్డా?"

"అవునక్కా. నాకు తెలియాల్సింది."

"రోజు చూసేటోళ్లకు ఏం ఎర్క అయితది? ఊకో."

ఆమె అంతటితో వదిలేసింది. నేను వదిలేయలేకపోతున్నాను. చూడడం నేర్పిందే ఆమె. ఏళ్ల తరబడి ఆమె చేతి రొట్టె తింటూ ఆ చేతుల్ని చూడలేదు నేను.

బతికుండగా ఆమెను నేను చివరిసారి చూసింది తార్నాక చౌరస్తాలో, బడి వదిలే వేళ. మనవరాలి బ్యాగు భుజాన వేసుకుని రోడ్డు మధ్యలో నిలబడి, ఆగకుండా వస్తున్న ఆటోల వైపు తన పెద్ద అరచేయి ఎత్తింది. అన్నీ ఆగాయి. పాప తీరిగ్గా, ఎగురుకుంటూ అవతలికి వెళ్లింది. పాప ఫుట్‌పాత్ ఎక్కేదాకా ఆ చెయ్యి దిగలేదు.