బర్రెలకు దాచిన పిప్పి

కరోనా తెరిపినిచ్చి ప్రయోగశాలలు మళ్లీ తెరిచిన ఏడాది, నిజామాబాద్ దగ్గరి ఒక విశ్వవిద్యాలయంలో నేను రసాయన శాస్త్ర ఆచార్యుణ్ణి. పదవీ విరమణ దగ్గర పడుతోంది. జీవితమంతా రసాయనం చెప్పినవాడికి ఆఖరున రసం పోయి పిప్పి మిగిలింది; అదీ బోధన్ చెరకు పిప్పి. నా పర్యవేక్షణలోని చివరి పరిశోధక విద్యార్థిని నస్రీన్ పని దాని మీదే.

ఆ పని ఏమిటో చెబుతాను. లిథియం బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు వచ్చి తలదాచుకునే ఎలక్ట్రోడ్‌ను కార్బన్‌తో చేస్తారు. ఆ కార్బన్‌లో అక్కడక్కడా నత్రజని పరమాణువులను ఇరికిస్తే అయాన్లకు అదనంగా చోటు దొరుకుతుంది, విద్యుత్తూ సాఫీగా నడుస్తుంది. దీన్ని డోపింగ్ అంటాం. ఆటగాళ్లు చేస్తే నిషేధం, మేము చేస్తే పట్టా. నస్రీన్ పిప్పిని కడిగి, ఎండబెట్టి, పొడిచేసి, యూరియా కలిపి, గాలి చొరకుండా ఆర్గాన్ వాయువు నింపిన గొట్టపు కొలిమిలో కాల్చేది. యూరియాలోని నత్రజని కార్బన్‌లో చేరేది. పోలిక కోసం యూరియా కలపని పిప్పినీ అలాగే కాల్చాలి. అది కంట్రోల్ నమూనా. రెండింటితో చొక్కా గుండీలంత సెల్స్ కట్టి, పదే పదే ఛార్జ్ చేసి తేడా చూపాలి. సిద్ధాంత గ్రంథమంతా ఆ తేడా మీదే నిలబడి ఉంది.

తేడా రాలేదు. యూరియా కలపనిది కూడా దాదాపు కలిపినదానిలాగే పనిచేసింది.

నస్రీన్ రిజిస్ట్రేషన్ గడువును అప్పటికే ఒకసారి పొడిగించారు, మళ్లీ పొడిగించరు. ఫెలోషిప్ అయిపోయింది. పొద్దున బోధన్‌లో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, బస్సెక్కి ప్రయోగశాలకు వచ్చేది. యూరియా వల్ల ఒరిగిందేమిటని, పరిశోధన ఎంతవరకు వచ్చిందో చూసే సలహా సంఘంలో ఎవరైనా అడిగితే మా దగ్గర జవాబు లేదు.

"నా కంట్రోల్ నా కంట్రోల్ల లేదు సార్" అంది. నవ్వడానికే అంది.

నేను కొలిమిని అనుమానించాను. యూరియా కాల్చిన గొట్టంలోనే కంట్రోల్ కూడా కాలుస్తున్నాం కదా, అంటు మిగిలి ఉండొచ్చు. గొట్టం మార్చాం. పడవ, అంటే నమూనా పెట్టే పింగాణీ పాత్ర, అదీ మార్చాం. అదే ఫలితం. అప్పుడు కాల్చని పిప్పినే, ఏ మూలకం ఎంతుందో తేల్చే పరీక్షకు హైదరాబాద్ పంపాం. చెరకు పిప్పిలో ఉండాల్సినదానికంటే నత్రజని చాలా ఎక్కువని తేలింది. తప్పు కొలిమిది కాదు, సంచిది.

మాకు పిప్పి సంచి పంపేది గంగారెడ్డి. బోధన్ అవతల సొంత చెరకును గానుగాడించి బెల్లం వండే రైతు. నస్రీన్ తండ్రి బట్టల దుకాణానికి పాత గిరాకీ. ఆమె ఫోన్ చేస్తే సంచి బస్టాండుకు చేరేది. ఈసారి ఇద్దరం వెళ్లాం. బెల్లం పొయ్యి పక్కన పిప్పి గుట్టలా ఉంది. గంగారెడ్డి మమ్మల్ని దాన్ని దాటించి పశువుల కొట్టం వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ టార్పాలిన్ కింద ఇంకో కుప్ప. టార్పాలిన్ లేపగానే ముక్కు అదిరింది. ఆ వాసనను నాకు ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు: అమోనియా.

"గిదేంది కాకా?" అంది నస్రీన్.

"బర్ల మేత బిడ్డా. ముక్కలు కొట్టి, యూరియా నీళ్లు సల్లి, మూడు వారాలు కప్పిపెడ్త. పశువుల డాక్టరు వరిగడ్డికి జెప్పిండు, నేను పిప్పికి జేసిన. మెత్తగైతది. బర్లు ఎగబడి తింటయి."

"మాకు పంపింది గిదేనా?"

"మరి? పెద్ద సదువులోళ్లు అడిగితె పొయ్యిల పెట్టేది పంపుతనా? మంచిగ ఎండబెట్టి, ఏరి పంపిన."

నస్రీన్ నెత్తి పట్టుకుంది. యూరియా అమోనియాగా మారి పీచులోకి దిగితే ఎంత కడిగినా పూర్తిగా పోదు. మా డోపింగ్‌లో సగం పని గంగారెడ్డి టార్పాలిన్ కిందే ముగించి పంపాడు. కంట్రోల్ అంటే ఏమీ కలపనిదని నేను వివరించబోయాను.

"మాకు కంట్రోల్ అంటె రేషన్ దుకాణమే సారూ. ఆడ గూడ మంచియి ఇయ్యరు" అన్నాడు.

"కాకా, నాకు పొయ్యిల పెట్టేదే గావాలె" అంది నస్రీన్.

"గట్లెట్ల బిడ్డా, ఇజ్జత్ పోతది" అంటూనే సంచి నింపాడు. నింపుతూ నల్లబడ్డ ముక్కలు ఏరి పారేస్తుంటే ఆమె సంచి మూతి లాక్కుంది. పోయిన ఇజ్జత్‌కు బదులుగా ఆయన ఇద్దరి చేతుల్లోనూ చెరొక బెల్లం ముద్ద పెట్టాడు.

ఆ పిప్పితో నస్రీన్ రెండు నమూనాలూ మొదటినుంచి చేసింది. ఈసారి కంట్రోల్ వెనకబడింది, యూరియా కలిపినది ముందుకుపోయింది. గ్రంథం గడువులోపలే సమర్పించింది. బర్రెల మేతను కూడా, తయారైన పద్ధతితో సహా, మూడో నమూనాగా చేర్చాం. మౌఖిక పరీక్షకు వచ్చిన బయటి పరీక్షకుడు ఎక్కువసేపు అడిగింది దాని గురించే.

ఆ తర్వాత విరమణ దాకా, ముడిసరుకు తేవడానికి వెళ్లే విద్యార్థులకు నేను చెప్పింది రెండే మాటలు. ఒకటి, మంచిది ఇవ్వమని అడగొద్దు. మా వైపు అడక్కపోయినా మంచిదే ఇస్తారు. రెండు, కుప్ప దగ్గరికి స్వయంగా వెళ్లి, దాన్ని ఎవరు తింటున్నారో కనుక్కోండి.