కలుపు తీసిన ఆదివారాలు

ఈ ఉదయం పూజకి గరిక కోద్దామని మా కాలనీ పార్కులోకి దిగాను. గేటు పక్కన 'ఈ గడ్డికి మందు కొట్టరాదు' అన్న బోర్డు వానలకి వెలిసిపోయింది. ఆ అక్షరాలు నావే. బడి ముఖం చూడని నాకు మా నాన్న ఇంటి అరుగు మీద దిద్దించిన గుండ్రటి అక్షరాలు; 'కొ' కాస్త ఒళ్లు చేసింది.

ఆ బోర్డు వచ్చింది మా అత్తగారి పాదాల పుణ్యాన. పద్మనాభం అనే పల్లెలో వరిగట్ల మీద తిరిగిన మనిషి. మా మూడో అంతస్తుకి వచ్చాక ఆవిడకి మిగిలిన సుఖం ఒక్కటే, తెల్లారి మంచు పట్టిన గడ్డి మీద వట్టికాళ్లతో నడవడం. కంటికి మంచిదనేవారు, అసలు సంగతి కాలికి ఊరు తగలడమని నా అనుమానం. ఒక వానాకాలం అసోసియేషన్ వారు పురుగుకీ కలుపుకీ కలిపి మందు కొట్టించారు. మరునాడు ఆవిడ అరికాళ్లు మండి బొబ్బలెక్కాయి. మందు కొట్టినన్నాళ్లూ గడ్డి మీదకి వెళ్లొద్దన్నారు డాక్టరు. బాల్కనీలో కూర్చుని కిందికి చూస్తూ ఆవిడ అన్నం సరిగా తినడం మానేశారు.

ఆడవాళ్లమంతా ఆవిడని వెంటబెట్టుకుని సెక్రటరీ గారి దగ్గరకి వెళ్లాం. కృష్ణా జిల్లా నుంచి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడిన ఆయనకి ఆ లాన్ కన్నకూతురితో సమానం. మందు మానేస్తే కలుపు ముంచేస్తుందని చాలాసేపు నచ్చజెప్పారు. అంతా విని అత్తగారు అడిగారు, “పంటకైతే కొట్టుకుంతారు బాబూ. దీన్నేటి, వండుకు తింతామా?” ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. వానలు తగ్గేదాకా గడువిచ్చారు: కలుపు మేమే చేత్తో తీయాలి, లేదంటే మళ్లీ మందే.

ఆదివారం ఆదివారం చీర చెంగులు దోపి కూర్చున్నాం. తుంగ పీకాం, వయ్యారిభామ పీకాం. గరిక దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగిపోయేవి. వినాయకుడికి పెట్టేదాన్ని వేర్లతో సహా పెరికి చెత్తబుట్టలో ఎలా వేస్తాం? నేను వదిలేశాను, పక్కావిడా వదిలేసింది, ఒక్క గుబురేగా అని ఎవరికి వాళ్లం అనుకున్నాం. గడువు నాటికి సెక్రటరీ గారి లాన్ కాస్తా గరిక చేను అయి కూర్చుంది.

చూడటానికి వచ్చి ఆయన లాన్ చుట్టూ ఒకసారి తిరిగారు. “కలుపు తీస్తామని చెప్పి, కలుపునే సాకారేంటమ్మా” అన్నారు చివరికి. మాకు తలెత్తబుద్ధి కాలేదు. అత్తగారు మాత్రం చెప్పులు విడిచి గరికలోకి దిగి నడిచారు. “పచ్చగానే ఉంది కదేటి. ఓపాలి దిగి సూడు బాబూ.” ఆయన బూట్లు విప్పారు. మర్నాడే నా చేతికి బోర్డూ రంగుడబ్బా వచ్చాయి. ఆయన పెద్దమనసు తలుచుకుని ఇప్పటికీ సింహాచలం అప్పన్నకి దండం పెట్టుకుంటాను.

అత్తగారు పోయి చాన్నాళ్లయింది. ఆవిడ నడిచిన దారి ఎటో ఇవాళ చెప్పులు విడిచి వెతికాను. గరిక అంతటా ఒకేలా లేచి ఉంది. కాలం అడుగుల గుర్తులు ఉంచలేదు గాని, ఆ తడీ మెత్తదనం మాత్రం నా కాళ్లకి ఉంచింది.