కామాక్షమ్మ లేపనానికి పరీక్ష

కాశీబుగ్గ కామాక్షమ్మకు ఒకటే జబ్బు. గరుకు చెయ్యి కంటపడితే చాలు, పట్టుకుని లేపనం రాసేస్తుంది. పసుపూ వేపాకూ వేసి కాచిన కొబ్బరినూనెలో తేనెమైనం కలిపిన ఆ డబ్బా లేకుండా ఆవిడ గడప దాటదు.

ఒకసారి బస్సులో టిక్కెట్టిచ్చిన కండక్టరు చెయ్యి వదల్లేదు.

"అమ్మా, టెక్కలొచ్చేసింది, దిగండి!"

"ఉండు బాబూ, బొటనేలొకటి మిగిలిపోనాది."

ఓ పెళ్లిలో పెళ్లికొడుకు చేతికి రాసేసరికి, జీలకర్ర బెల్లం ముద్ద జారి పురోహితుడి ఒళ్లో పడింది.

కోడలు వైదేహి టెక్కలిలో ఫార్మసీ లెక్చరరు. అత్తగారి మాటెత్తితే స్టాఫ్‌రూమంతా నవ్వులే. ఒకరోజు ఉండబట్టలేక అనేసింది. "పాతకాలం నుంచీ ఉందంటే చాలదత్తయ్యా, రుజువుండాలి."

"అయితే రుజువు సెయ్యి. ఎవులొద్దన్నారు?"

వైదేహి పంతం పట్టింది. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లను ఇరవైమందిని ఒప్పించింది. పెంకులోని సొన తగిలి వాళ్ల చేతులు ఎప్పుడూ కాలి, పగిలి ఉంటాయి. కుడిచేతికి లేపనం, ఎడమచేతికి ఉత్త కొబ్బరినూనె. మూడు వారాలు గడిచాక చూస్తే రెండు చేతులూ ఒకేలా మానాయి!

"అంటే మీ అత్తగారి మందులో విశేషమేమీ లేదన్నమాట" అని నవ్వాడు డిపార్ట్‌మెంట్ హెడ్ జానకిరామ్. వైదేహికి తల కొట్టేసినట్టయింది.

అప్పుడు ఆ ఇరవైమందిలో ఒకావిడ, సీతారత్నం, నసుగుతూ అసలు సంగతి బయటపెట్టింది. "మీ అత్తమ్మగారు రోజూ వొచ్చి ఎడం సేతికి కూడా అదే రాసెల్తన్నారు మేడమ్."

వైదేహి మండిపడుతూ ఇంటికొచ్చింది. "ఎందుకు చేశారత్తయ్యా?"

"ఒక సెయ్యి సల్లగుండి ఇంకో సెయ్యి మండుతుంటే, సూత్తా ఎలాగూరుకోమంతావు?"

వైదేహికి నవ్వొచ్చింది. మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి వేరే ఫ్యాక్టరీలో నలభైమంది. సగంమందికి లేపనం, సగంమందికి ఉత్త నూనె. అత్తగారు ఆ గుమ్మం తొక్కకూడదని ఒట్టు. ఆ మూడు వారాలూ కామాక్షమ్మ చేతులు ఊరుకోలేదు. పాలవాడు గేటు బయటి నుంచే పాలు పోసి పరిగెత్తేవాడు.

లెక్క తేలింది. లేపనం రాసినవాళ్ల పగుళ్లు రెండోవాళ్లకంటే రెట్టింపు వేగంగా మానాయి. జానకిరామ్ అంకెలు రెండుసార్లు సరిచూసి, కాలేజీ హాల్లో అందరిముందూ చదివి వినిపించాడు. చప్పట్లు మార్మోగాయి. "కామాక్షమ్మగారూ, వేదిక మీదికి రండి!"

కుర్చీ ఖాళీగా ఉంది.

వైదేహి బయటికి పరిగెత్తింది. గేటు దగ్గర ఆటోలో రెండు పెద్ద డబ్బాల మధ్య ఇరుక్కుని కూర్చునుంది కామాక్షమ్మ.

"అందరూ పిలుస్తున్నారత్తయ్యా! శాలువా కప్పుతారట!"

"నువ్వు కప్పించేసుకో తల్లీ. ఒట్టు తీరిపోనాది గదా, ఉత్త నూనె రాసిన ఆ ఇరవైమందికీ ఇది రాసెయ్యాల. ఫ్యాక్టరీ వొదిలే ఏళయిపోతంది... పోనీ బాబూ, బేగి పోనీ!"