గోడకు ఆనించిన ఫోను

దయ్యం అన్న మాట వింటేనే నాకు నవ్వొచ్చేది. హోసూరులో, మా మూకండపల్లి సందులో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు బీపీ చూపించమని చెప్పి తిట్లు తిన్నదాన్ని నేను. ఇప్పటికీ దయ్యాలున్నాయని ఒప్పుకోను. కానీ ప్రాగ్‌లో నా మొదటి రోజుల్లో జరిగినదాన్ని ఏమనుకోవాలో మాత్రం తెలియడం లేదు.

పై చదువుకు వెళ్లి, అక్కడి పాత ఊళ్లో ఒక ముసలావిడ ఇంట్లో మేడమీది గది తీసుకున్నాను. మందపాటి రాతి గోడలు. ఆ ఊళ్లో గది దొరకడమే గగనం కాబట్టి ఇంకేమీ ఆలోచించలేదు. సామాను సర్దుకుంటుంటే, ఇంకా వెలుతురు ఉండగానే, మంచం పక్క గోడలోంచి చప్పుడు వచ్చింది. వెంటవెంటనే రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి. మళ్లీ అంతే. ఎవరో మేకు కొడుతున్నారనుకున్నాను.

మర్నాడూ వచ్చింది. ఆ గోడకు అవతల ఇల్లే లేదు. కిటికీలోంచి తొంగిచూస్తే కింద ఖాళీ పెరడు. వేడినీటి గొట్టాల చప్పుడని ఇంటావిడ తేల్చేసింది. ఆ వైపు గొట్టాలు లేవని చూపిద్దామని పైకి పిలిస్తే, ఆవిడ ఉన్నంతసేపూ గోడ కిక్కురుమనలేదు.

ఇక గదిలో కాలు నిలవలేదు. పొద్దున లేస్తూనే బయటపడేదాన్ని. చిన్న చిన్న చదరపు రాళ్లు పరిచిన కాలిబాటలు, నదిమీద రాతి వంతెన, దాని పొడవునా నల్లబడిన విగ్రహాలు. అందరూ ఆగి ఫొటోలు తీసుకుంటుంటే నేను ఎక్కడా నిలబడలేక నడుస్తూనే ఉండేదాన్ని. ట్రామ్ ఎక్కి చివరి స్టాపు దాకా వెళ్లి, అదే ట్రామ్‌లో తిరిగొచ్చేదాన్ని. అప్పుడే ఊరంతా చుట్టేశావే అని స్నేహితులు మెసేజీలు పెట్టారు. ఏం చూశానో నాకే గుర్తులేదు.

ఒక సాయంత్రం నాయనతో ఫోనులో మాట్లాడుతుండగా గోడ మొదలుపెట్టింది. మా నాయన హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. తిన్నావా, పడుకున్నావా అని తప్ప ఫోనులో ఇంకేమీ అడగడు. ఆ రోజు మాట మధ్యలో ఆగిపోయాడు.

"ఆ సద్దు యాడ్నించమ్మా?"

"గోడలోంచి నాయనా. దినమూ వస్తా ఉంది."

"ఫోను గోడకి ఆనించు."

ఆనించాను. ఆ చప్పుడు మళ్లీ మళ్లీ వచ్చేదాకా విన్నాడు. చివరికి, "అది మునిరాజు చెయ్యమ్మా" అన్నాడు.

మునిరాజు మా చిన్నాయన. నేను పుట్టకముందే పోయాడు. ఆయన పేరెత్తితే నాయన లేచి వెళ్లిపోయేవాడు. ఆ రోజే మొదటిసారి చెప్పాడు. అన్నదమ్ములిద్దరూ కృష్ణగిరి దగ్గర రాళ్ల క్వారీలో పనిచేసేవారట. బండ కిందికి దిగినవాడు 'ఇక్కడున్నాను' అని సుత్తితో అలా కొట్టాలి. పైనున్నవాడు 'విన్నాను' అని అలాగే తిరిగి కొట్టాలి. కిందివాడు బయటికొచ్చేదాకా పైన బండను కదిలించకూడదు. అది వాళ్లిద్దరూ పెట్టుకున్న గుర్తు.

"ఆ పొద్దు నేను మీ అమ్మను చూసేదానికి కావేరిపట్టణం పోయినాను. నా బదులు పైన నిలబడినోడు కొత్తోడు. ఆ సద్దు ఏందో వానికి తెలీదు."

అతను పైన కదిలించేసరికి బండ జారింది. చిన్నాయన పోయాక నాయన క్వారీ వదిలేసి హోసూరు చేరాడు.

గది మారిపోతానన్నాను. జన్మలో నన్ను ఏదీ అడగని మనిషి, "రెండు దినాలు ఆడనే ఉండమ్మా, నా కోసరం" అన్నాడు. నాకు భయంతోపాటు కోపమూ వచ్చింది. కూతురు బిక్కచచ్చి కూర్చుంటే ఈయనకు గోడ ముఖ్యమా అనిపించింది. కాదనలేక, ఫోను గోడకు ఆనించి పెట్టి నేను మెట్లమీద కూర్చున్నాను.

మర్నాడు సాయంత్రం నాయన వీడియో కాల్ చేశాడు. హోసూరులో మా ఇంటి మేడమీద లైటు వేసుకుని, బట్టలుతికే బండ ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. చేతిలో స్పానరు. వెనకాల అమ్మ నిలబడి ఉంది. ఇక్కడ గోడ మోగగానే అక్కడ నాయన బండమీద కొట్టాడు. మొదటి దెబ్బ తప్పింది. మళ్లీ కొట్టాడు, ఈసారి సరిగ్గా.

"ఈడనే ఉండాను మునీ. వినినాను."

గోడ ఆగిపోయింది. మళ్లీ ఎప్పుడూ మోగలేదు. నేను ఇప్పటికీ ఆ గదిలోనే ఉంటున్నాను.

నా భ్రమే అయితే నాయనకెలా వినిపించింది? పాత గోడ చప్పుడే అయితే, జవాబు రాగానే ఎందుకు ఆగింది? పోనీ చిన్నాయనే అనుకుందాం. హోసూరులో ఉన్న అన్నను వదిలి, ముఖం కూడా చూడని ఆ అన్న కూతురి దగ్గరికి అంత దూరం ఎందుకొచ్చినట్టు? నాయనను అడిగితే, "నాకేం తెలుసమ్మా" అంటాడు.

ఈమధ్య అమ్మ ఫోను చేసింది. పెళ్లయ్యాక నాయన మొదటిసారి ఆమెతోపాటు కావేరిపట్టణం వెళ్లాడట. ఇన్నేళ్లూ పుట్టింటికి అమ్మ ఒక్కతే వెళ్లొచ్చేది. నాయనను ఫ్యాక్టరీ పని వదలదని బంధువులకు చెప్పేది.

"నన్ను చూసేదానికి వచ్చిందే తప్పని మనసులో పెట్టుకున్నాడేమో అనుకుంటా బతికినాను పాపా" అంది.

గోడ సంగతి నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అమ్మ ఆ రోజు ఏడుస్తూనే, నాయన అక్కడ ఏమేం తిన్నాడో వరసపెట్టి చెప్పింది.